దీపం నడిచిన రాత్రి

12 నవంబరు 1961, ఆదివారం

ఈ నోటుపుస్తకం చీరాలలో కొన్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. మా ఇంట్లో చూపించినా చదవగలిగేవాళ్ళు లేరు. నాన్న మగ్గం మీద ఎన్ని పోగులున్నాయో చేత్తో తడిమి చెప్పగలడు గాని, సంతకం అంటే బొటనవేలు చాపుతాడు. పేరాలలో మా వీధి నుంచి ట్రెయినింగు పూర్తిచేసిన ఆడపిల్ల నేనొక్కదాన్నే అని కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు.

ఈ పాలెం బడిలో పంతులమ్మగా చేరి నాలుగు నెలలయింది. వాడరేవుకు ఉత్తరాన రెండు మైళ్ళు. డెబ్బై ఇళ్ళు, ముప్పై నాలుగు మంది పిల్లలు. పేరమ్మ ఇంట్లో ఒక పక్క నేనుంటున్నాను. ఆమెకు యాభై దాటాయి. మొగుడు పోయి పన్నెండేళ్ళు. చీకటి రాత్రుల్లో ఒడ్డున దీపం పట్టుకోవడమే ఆమె బతుకుతెరువు.

వేటకు పోయిన తెప్పలు తెల్లవారకముందే తిరిగి వస్తాయి. వాటికి ఒడ్డు చేరడానికి అలలు విరగని సందు ఒక్కటే ఉంది. గండి అంటారు. వెన్నెల లేని రోజుల్లో గండికి ఎదురుగా ఒక ఆడమనిషి లాంతరు పట్టుకుని నిలబడాలి. ఇంటికొక వంతు. వంతు చెయ్యలేని ఇళ్ళ తరఫున పేరమ్మ నిలబడుతుంది. అందుకు ప్రతి తెప్ప నుంచీ ఆమె తట్టలో నాలుగు చేపలు పడతాయి.

"ఆ రాత్రుల్లో ఒడ్డున రెండో దీపం ఉండకూడదు పంతులమ్మా. సముద్రం వైపు తలుపులు కూడా వేసేసుకుంటాం," అంది నిన్న, లాంతరు గ్లాసు తుడుస్తూ. "దీపం ఊరికే ఉంటే ఆగమని. రెండుసార్లు పైకెత్తితే అల తగ్గింది, వచ్చెయ్యమని. నా మొగుడు నా మాట ఏనాడూ వినలేదు గాని నా దీపం మాట వినేవాడు."

"నిద్ర రాదా పెద్దమ్మా?"

"వస్తే చుట్ట వెలిగిస్తా. నీకూ ఒకటి చుట్టమంటావా?"

ఆమె వెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు. గండికి దూరంగా ఉత్తరం వైపు నడిచాను. రెండు ఫర్లాంగుల అవతల తెల్లవాళ్ళ కాలంలో ఉప్పు ఎగుమతికి కట్టిన రేవు ఉండేదట. బల్లలు కొట్టుకుపోయి, పాతిన కొయ్యలు మిగిలాయి. ఒడ్డున నాలుగు కనిపిస్తాయి. నీళ్ళలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెప్పల వాళ్ళు ఆ చోటును చుట్టుతిరిగి పోతారు. ఎవరూ రాని చోటు. చాలాసేపు నిలబడ్డాను.

13 నవంబరు

మళ్ళీ వెళ్ళాను. గాలి కోసం.

2 డిసెంబరు, శనివారం

చీరాలలో బుడాన్ కొట్లో ఆరు గాలాలు, రెండు సీసపు గుండ్లు తీసుకున్నాను. బుడాన్ నాన్నను ఎరిగినవాడు.

"గాలాలెందుకమ్మా నీకు?"

"బడికి."

"చేపలక్కూడా చదువు చెబుతున్నావా? జెల్లలను మాత్రం ఒకటో తరగతిలోనే ఉంచు. వాటికి బుర్ర తక్కువ."

ఇంటి నుంచి పడుగు నూలు కొంచెం తెచ్చుకున్నాను. పన్నెండు పోగులు కలిపి పేనాను. పేరమ్మ ఇరుగుపొరుగు వలలకు పట్టించే తుమ్మచెక్క కషాయం కుండలో మిగిలి ఉంటే దారాన్ని అందులో నానబెట్టాను. ఏమిటని అడిగింది. బడి జెండాకు తాడు అన్నాను. ఒక్క రోజులో రెండు అబద్ధాలు. రెండింటిలోనూ బడి పేరే వాడుకున్నాను.

5 డిసెంబరు, మంగళవారం

ఎర కోసం వెతకక్కర్లేదు. అల వెనక్కి తీసినచోట ఇసుకలో చెయ్యి పెడితే గోరంత పీతలు దొరుకుతాయి. నా లాంతరు ఒత్తి తగ్గించి, పగిలిన కుండ బోర్లించి దాని కింద పెడతాను. చుట్టూ చీకటి. రాత్రి పూట సముద్రం కనిపించదు. విరిగేచోట తెల్లటి గీత ఒకటి పుట్టి, పక్కకు పరిగెత్తి, ఆరిపోతుంది. అంతే కనిపించేది.

దారం చూపుడువేలి మీద వేసుకుని నిలబడతాను. గుండు అడుగున దొర్లడం, నాచు రాసుకుపోవడం, పీత ఎరను గిల్లడం, అన్నీ వేలికే తెలుస్తాయి. అవన్నీ తెలిసిపోయాక ఇక చేసేది ఏమీ ఉండదు. వెనక ఎవరో నిలబడ్డారనిపిస్తుంది. తిరిగి చూస్తే ఇసుకదిబ్బ. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముందున్న చీకటి ఒక అడుగు దగ్గరకు జరిగినట్టు ఉంటుంది. భయం వేస్తుంది. ఆ భయం లేకపోతే నేను వెళ్ళేదాన్ని కాదని ఇవాళ తెలిసింది.

మూడో జాము దాటాక దారం కదిలింది. గాలికి కాదు, అలకు కాదు. అవతల నుంచి ఎవరో చూసి, ఎంచుకుని, నన్నే లాగినట్టు. పగలంతా అందరూ పంతులమ్మా అని పిలుస్తారు. ఆ లాగుడు నన్ను వేరే పేరుతో పిలిచింది. ఒళ్ళంతా జల్లుమంది. కాళ్ళు నీళ్ళలోకి ఎప్పుడు వెళ్ళాయో తెలియదు.

జానెడు జెల్ల. అంతే. దాన్ని విప్పబోతే ముల్లు గుచ్చుకుని మోచేతి దాకా సలుపు. మా ఇంట నీచు ముట్టరు. నేను పుట్టాక చేపను చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. నీళ్ళలో వదిలేశాను.

6 డిసెంబరు

వేలు వాచింది. కందిరీగ కుట్టిందా అని పిల్లలు అడిగారు. అవునన్నాను.

8 డిసెంబరు

నాలుగు పడ్డాయి. ఒకటి మాగ చేప, మెత్తగా, సబ్బు ముక్కలా జారింది. అన్నీ వదిలేశాను. ఇక చాలు. చదువుకున్నదానికి ఇదేం పని.

20 డిసెంబరు, బుధవారం

అంకమ్మరావు వచ్చి బడి కప్పుకు తాటాకు వేశాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. వాళ్ళన్న బుల్లయ్యతో కలిసి తెప్ప నడుపుతాడు. అన్న మాట్లాడడు, ఇతను ఆగడు. కప్పు మీద నుంచే నా పాఠానికి అడ్డు వచ్చాడు.

"పంతులమ్మగారూ, ఆ ఎక్కం తప్పు చెప్పాడు వాడు. ఏడారులు నలభై రెండు. చేపలు లెక్కపెట్టే నా బోటి వాడికే తెలుసు."

"అయితే దిగి వచ్చి కూర్చో."

నిజంగానే దిగి వచ్చాడు. చేపల సొసైటీ పుస్తకంలో వేలిముద్ర వేస్తుంటే సిగ్గుగా ఉందట, తన పేరు రాయడం నేర్పమన్నాడు. పలక మీద 'అంక' దాకా రాసి చెమట తుడుచుకున్నాడు.

"మా అన్న పేరు నాకు పెట్టి ఉంటే ఈపాటికి అయిపోయేది. నాకేమో రైలుబండి తగిలించారు."

మిగిలిన పెట్టెలు మళ్ళీ వచ్చి తగిలిస్తానని వెళ్ళాడు.

1 జనవరి 1962, సోమవారం

ఇంటి నుంచి కార్డు. మా వీధి చివర తపాలా కాగితాలు రాసిపెట్టే కరీముల్లా గారి చేతిరాత. ఫిబ్రవరి మూడు నుంచి అయిదు దాకా ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కూడుతున్నాయట. సముద్రం పొంగుతుందని చీరాలంతా చెప్పుకుంటున్నారట. ఆ మూడు రోజులూ నన్ను ఇంటికి వచ్చెయ్యమని అమ్మ పోరు. కింద కరీముల్లా గారు తన మాట కూడా ఒకటి చేర్చారు: 'మీ అమ్మ ఇదంతా మూడుసార్లు చెప్పింది, నేను ఒక్కసారే రాశాను.'

చీకటి రోజులు మళ్ళీ మొదలయ్యాయి. పేరమ్మ లాంతరులో కిరసనాయిలు పోసుకుంది.

ఇక చాలు అనుకున్నది నిజమే. కాని దారం కట్ట అలాగే ఉంటే చీకిపోతుంది. ఉప్పునీళ్ళలో ఒకసారి తడపాలి.

5 జనవరి, శుక్రవారం, ఇంకా తెల్లవారలేదు

ఇప్పుడే వచ్చాను. అక్షరాలు కుదరడం లేదు. పడుకుంటే మరిచిపోతానని రాస్తున్నాను.

మంచు బాగా ఉంది. రెండు గంటలు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా దారం వేలిని కోసుకుంటూ పోయింది. నేను పట్టుకోవడం కాదు, అదే నన్ను పట్టుకుంది. కొయ్యల మధ్యకు దూరింది. ఎటు తిరుగుతోందో కనిపించక, కుండ తీసేసి, లాంతరు ఒత్తి పెంచి ఒడ్డు కొయ్యకున్న మేకుకు తగిలించాను. అప్పుడు దారం కనిపించింది, నీటిలోకి వాలుగా, తీగలా బిగిసి. ఎంతసేపో తెలియదు. పావుగంట కావచ్చు, గంట కావచ్చు. నా ఊపిరి నాకు వినిపించింది. దానితో మాట్లాడాను కూడా. రా, రా అన్నాను.

లోతు తక్కువలోకి వచ్చాక లాంతరు తీసి పైకెత్తి చూశాను. పండుగప్ప! నా చెయ్యంత పొడవు. నమ్మలేక దించి, మళ్ళీ ఎత్తి చూశాను. కన్ను ఎర్రగా నిప్పులా వెలిగింది. మోకాళ్ళ మీద కూర్చుని గాలం తీసి, రెండు చేతులతో నీళ్ళలోకి నెట్టాను. కాసేపు నా చేతుల మధ్యే ఉండి, తర్వాత పోయింది. లాంతరు ఆర్పేసి ఇంటికి వచ్చాను. ఇంత సంతోషం నాకు పరీక్ష ప్యాసయిన రోజు కూడా లేదు.

బయట కేకలు వినిపిస్తున్నాయి. తెప్పలు వచ్చినట్టున్నాయి. పడుకుంటాను.

5 జనవరి, సాయంత్రం

అంకమ్మరావు పోయాడు.

వాళ్ళ తెప్ప కొయ్యల మీదికి వచ్చింది. కట్లు తెగి దుంగకూ కొయ్యకూ మధ్య నలిగాడు. బుల్లయ్య భుజం విరిగింది. తమ్ముడిని ఒంటిచేత్తో ఒడ్డుకు లాక్కొచ్చాడు.

బడికి సెలవిచ్చాను.

6 జనవరి

ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను.

7 జనవరి

శుక్రవారం రాసింది చింపేద్దామని కూర్చున్నాను. చింపలేదు. నిన్న రాసింది కూడా.

8 జనవరి, సోమవారం

ఇక్కడ కులపెద్దను పెద్దకాపు అంటారు; ఆ పెద్దకాపు రోశయ్య ఇంటి ముందు కులం కూడింది. రాతపని ఉంటుంది రమ్మని నాకు కబురు పెట్టారు. కుర్చీ వేశారు. మిగిలినవాళ్ళంతా నేల మీద.

"దీపం ఎందుకు కదిలింది పేరమ్మా?" అన్నాడు రోశయ్య.

"కదల్లేదయ్యా. గండి ముందే నిలబడ్డా. మూడు తెప్పలు నా దీపం మీదే దిగాయి, అడగండి."

"ఆ మూడూ ముందు వచ్చినవి. తర్వాత సంగతి చెప్పు."

"తర్వాతా నిలబడ్డా."

బుల్లయ్య చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. లేచి నిలబడి నేల చూస్తూ చెప్పాడు. "గండి వైపు మంచు. ఒక్కటే దీపం కనిపించింది. చాలాసేపు ఊరికే ఉంది, మేమూ ఆగాం. తర్వాత రెండుసార్లు లేచింది. తమ్ముడే ముందు చూశాడు. రమ్మంటున్నారన్నా, తెడ్డెయ్ అన్నాడు. దగ్గరకొచ్చేసరికి దీపం లేదు. కొయ్యలున్నాయి."

"ముసల్ది తూగుంటుంది," అన్నారెవరో.

"తూగితే చెయ్యి దిగుతుంది గాని రెండు ఫర్లాంగులు పోతుందా? దీపం నడిచింది," అన్నాడు ఇంకొకడు.

దీపం నడిచింది. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయింది. దీపం పట్టినామె చోటు వదిలే తప్పుకు వీళ్ళ దగ్గర ఆ పేరు ముందు నుంచే ఉందట. నలభై ఏళ్ళ కిందట ఒకసారి జరిగిందట.

కులం కట్టుబాటును వీళ్ళు దురాయి అంటారు. రోశయ్య చెబుతుంటే నేనే రాశాను. పేరమ్మ ఇక దీపం పట్టరాదు. చీకటి పడ్డాక ఒడ్డుకు రారాదు. ఏ తెప్ప చేపా ఆమె తట్టలో పడరాదు. ఆమె లాంతరు పెద్దకాపు ఇంట ఉండాలి. రాసింది చదివి వినిపించమన్నారు. తడబడకుండా చదివాను. పేరమ్మ వేలికి సిరా రాసి, వేలు కాగితం మీద పెట్టించింది కూడా నేనే.

9 జనవరి

నా లాంతరు చాలా చిన్నది. ఒత్తి తగ్గించే ఉంచాను. అంత మంచులో నీళ్ళ మీదికి కనిపించే అవకాశం లేదు. పేరమ్మ నిజంగా తూగి ఉండవచ్చు. వయసు మళ్ళిన మనిషి.

శుక్రవారం నాడు ఒత్తి పెంచానని రాసి ఉంది. నిద్రమత్తులో రాసి ఉంటాను.

12 జనవరి

సంక్రాంతి సెలవులకు రాలేనని ఇంటికి కార్డు రాశాను.

పేరమ్మకు వండి పెడుతున్నాను. పప్పు, అన్నం, చింతకాయ పచ్చడి. చేప లేకుండా ముద్ద దిగని మనిషి, ఏమీ అనకుండా తింటోంది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో," అంది.

13 జనవరి

చెబితే ఉద్యోగం పోతుంది. పోలీసులు వస్తారు. నాన్న ఇక మగ్గం గుంటలో నుంచి తల ఎత్తలేడు. మా వీధిలో మళ్ళీ ఎవరూ ఆడపిల్లను బడికి పంపరు. నా ఒక్కదాని సంగతి అయితే ఈపాటికి చెప్పేసేదాన్ని.

20 జనవరి, శనివారం

రాత్రి లేచి చూస్తే పేరమ్మ మంచం మీద కూర్చుని కాలికి వలతాడు కట్టుకుంటోంది. రెండో కొస మంచం కోడుకు.

"ఏంటి పెద్దమ్మా?"

"ఏం లేదు, పడుకో."

దగ్గరకు వెళ్ళాను. ముడి గట్టిగా బిగించింది. చీలమండ ఒరుసుకుపోయి ఉంది. ఇవాళ కొత్తగా కట్టుకున్నది కాదు.

"అందరూ అంటుంటే ఆలోచించా పంతులమ్మా. అంతమంది అబద్ధం చెబుతారా? బుల్లయ్య చెబుతాడా, తమ్ముడిని పోగొట్టుకున్నవాడు? నిద్రలో నడిచానేమో. నడిచి, దీపం ఎత్తి, మళ్ళీ వచ్చి నిలబడ్డానేమో. నాకు గుర్తు లేదు అంతే. పన్నెండేళ్ళ నుంచి ఎన్ని రాత్రులు అట్టా నడిచానో. నా మొగుడు పోయిన రాత్రి కూడా దీపం నాదే గదా."

"నువ్వు నడవలేదు పెద్దమ్మా."

"నీకెట్టా తెలుసు?"

పడుకో అన్నాను. ఆమె పడుకుంది. నేను పడుకోలేదు.

21 జనవరి

కాలు కట్టుకుంది.

22 జనవరి

కట్టుకుంది.

27 జనవరి, శనివారం

అమ్మ మళ్ళీ కార్డు రాయించింది. పాలెంలో కూడా భయం పట్టుకుంది. మూడో తేదీ నుంచి తెప్పలు కదలవు. మూడు రోజులు భజన. ఒంగోలు నుంచి ఎవరో వచ్చి అయిదో తేదీ సాయంత్రం ప్రపంచానికి ఆఖరు అని చెప్పి పోయాడట.

నేను ట్రెయినింగులో గ్రహాల పాఠం చదివాను. ఏమీ కాదని నాకు తెలుసు. తెలిసి కూడా మనసులో ఒక మూల అనుకుంటున్నాను: అయిదో తేదీ దాటనీ, అప్పుడు చూద్దాం. అంతా పోతే చెప్పే పనే ఉండదు.

5 ఫిబ్రవరి, సోమవారం

భజన వినిపిస్తోంది. పేరమ్మ వెళ్ళలేదు, చీకటి పడ్డాక ఒడ్డు వైపు రాకూడదు గదా. రోజూలాగే తాడు తీసింది.

"ఇవాళ కూడానా పెద్దమ్మా?"

"రేపు అనేది ఉంటే విప్పుకుంటా. లేకపోతే యముడే విప్పుకుంటాడు, నాకేం."

6 ఫిబ్రవరి

తెల్లవారింది. సముద్రం ఎక్కడిది అక్కడే ఉంది. పేరమ్మ తాడు విప్పుకుని ముంత తీసుకుని బయటికి వెళ్ళింది.

7 ఫిబ్రవరి, బుధవారం

చెప్పాను.

బడి వదిలాక రోశయ్య దగ్గరకు వెళ్ళి కులాన్ని పిలిపించమన్నాను. కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. ఆ రాత్రి కొయ్యల దగ్గర దీపం నాది, గాలం వేస్తున్నాను, చేపను చూడటానికి రెండుసార్లు ఎత్తాను అని చెప్పాను. ఇంత చిన్న మాటలకు నెల రోజులు పట్టింది.

రోశయ్య మెత్తగా అన్నాడు, "కూర్చోండమ్మా. మీది మంచి మనసు. ముసలిదాని బాధ కళ్ళారా చూస్తున్నారు. కాని అబద్ధంతో దురాయి తీసెయ్యలేం."

"అబద్ధం కాదు."

"నీచు వాసనకి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే పిల్ల గాలం వేసిందంట," అంది ఒకామె. ఆడవాళ్ళు నవ్వారు. "ఏ చేప పడిందమ్మా, అప్పడమా?"

దారం కట్ట తీసి చూపించాను. రోశయ్య చేతిలోకి తీసుకునేలోపే పేరమ్మ వెనక నుంచి అంది, "అది బడి జెండా తాడయ్యా. నా ఎదురుగానే పేనింది. పిచ్చిపిల్ల, నాకోసం తనమీద వేసుకుంటోంది." ఆమె కళ్ళలో నీళ్ళు. నాకోసం.

నవ్వనివాడు బుల్లయ్య ఒక్కడే.

"ఆ రాత్రి ఏం పడింది?"

"పండుగప్ప."

"ఎంత?"

చెయ్యి చాపి చూపించాను.

"ఎటు లాగింది?"

"మొదట బయటికి. తర్వాత కొయ్యల్లోకి దూరింది."

బుల్లయ్య రోశయ్య వైపు తిరిగాడు. "చీకట్లు ఇంకా ఉన్నాయి. తెల్లవారుజామున అక్కడే దీపం పెట్టి గాలం వెయ్యమనండి. చేప పడితే ఆ రోజు చూసినట్టే దీపం ఎత్తి చూడమనండి. నేను నీళ్ళ మీద నుంచి చూస్తా."

8 ఫిబ్రవరి, గురువారం

మధ్యాహ్నం రాస్తున్నాను. బడి వరండాలో ఉన్నాను.

దిబ్బ మీద నలభై మంది దాకా కూర్చున్నారు. బుల్లయ్యను ఇద్దరు తెప్ప మీద కూర్చోబెట్టుకుని గండిలో నుంచి దాటించి తీసుకుపోయారు. లాంతరు మేకుకు తగిలించి, ఎర గుచ్చి, దారం తిప్పి వేశాను. వెనక ఎవరో "అబ్బో" అన్నారు, చెయ్యి తిరగడం చూసి.

గంటకు పైగా ఏమీ లేదు. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. అప్పుడు లాగింది. మాగ, రెండు జానలు. ఒడ్డుకు తెచ్చి లాంతరు తీసి ఎత్తాను. దించాను. ఎత్తాను.

తెప్ప నా దీపం వైపు రాలేదు. గండి నుంచే దిగి, బుల్లయ్య ఇసుకలో నడిచి వచ్చాడు. రావడానికి చాలాసేపు పట్టింది. నా ముందు నిలబడ్డాడు.

"ఆ దీపమే," అన్నాడు.

చేప ఇంకా నా చేతుల్లో ఉంది. ఏం చెయ్యాలో తెలియక అలవాటుగా వంగి నీళ్ళలో వదిలేశాను. అతను అది చూశాడు.

"వదిలేస్తారా?"

"అవును."

"ఆ రోజుదీ వదిలేశారా?"

"అవును."

"తినడానికి కాదు. అమ్మడానికి కాదు. మరి దేనికి?"

జవాబు చెప్పలేకపోయాను. అతను కాసేపు చూసి వెళ్ళిపోయాడు. కొట్టినా బాగుండేది.

రోశయ్య కొత్త కాగితం కూడా నన్నే రాయమన్నాడు. ఆ రాత్రి కొయ్యల దగ్గర దీపం పేరమ్మది కాదు, పేరాల భావనారాయణ కూతురు, బడి పంతులమ్మ మల్లేశ్వరిది అని రాసి, చదివి, సంతకం పెట్టాను. నాకేం శిక్ష అని అడిగాను. "దురాయి మా కులానికమ్మా. మీకు లేదు. మీరు సర్కారు మనిషి," అన్నాడు. పేరమ్మ లాంతరు పేరమ్మకు ఇచ్చేశారు.

దారి పొడుగునా పేరమ్మ ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పింది. "నేను నడవలేదు. చూశారుగా, నేను నడవలేదు." ఇంటికి వచ్చాక మంచం కోడు నుంచి తాడు విప్పి చుట్ట చుట్టింది. తర్వాత నా ట్రంకుపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది. దానిమీద నా చాప, నా పళ్ళెం, నా గ్లాసు.

"పెద్దమ్మా."

"కోపం వచ్చి కాదు. చెప్పావు, చాలామంది చెప్పరు. కాని నా కాలు కట్టుకుంటుంటే రోజూ చూస్తూ పడుకున్నావు. నువ్వున్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

తలుపు వేసుకుంది.

9 ఫిబ్రవరి

బడికి తొమ్మిది మంది వచ్చారు.

11 ఫిబ్రవరి, ఆదివారం

నాన్నకు జరిగిందంతా ఉత్తరం రాశాను. కరీముల్లా గారే చదివి వినిపించాలి. ఆయన గొంతు పెద్దది, వీధంతా వింటుంది. కొన్ని మాటలు తీసేసి మెత్తగా రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. మూడోసారి ఉన్నదున్నట్టు రాశాను. పై అధికారికి కూడా ఒక కాగితం రాశాను. వాళ్ళు ఏం చేస్తే అది.

బుల్లయ్య అడిగినదానికి జవాబు ఇప్పుడు తెలుసు. అందరూ చూస్తుండగా గాలం వేసింది రుజువు కోసమని వాళ్ళు అనుకున్నారు. వేసేటప్పుడు నేనూ అదే అనుకున్నాను. దారం లాగేదాకా. లాగిన క్షణంలో దిబ్బ మీద మనుషులు లేరు. పేరమ్మ లేదు. అంకమ్మరావు లేడు. అతను చనిపోయిన సంగతి కూడా లేదు. చీకటి, అవతల నుంచి ఆ పిలుపు, ఒళ్ళు జల్లుమనడం, అంతే. నేను సంతోషంగా ఉన్నాను. అతను నలిగిన కొయ్యకు పది గజాల దూరంలో నిలబడి, రా, రా అంటున్నాను.

దేనికి అంటే దీనికి. మరింకేమీ కాదు.

ఇది ఇక్కడ రాసి మూసేస్తే జనవరిలో చేసినట్టే అవుతుంది. అడిగినవాడు బుల్లయ్య. అతను నన్ను ఏమైనా అననీ. రేపు బడి వదలగానే వాళ్ళింటికి వెళ్తాను.